చేపల తొట్టి మీద రెండు ట్యూబ్‌లైట్లు

మా బావ మల్లేశం ఆ రోజు డ్యూటీకి పోయింది తాగి కాదు. ఈ అధ్యాయం రాయడానికి కారణం ఆ ఒక్క వాక్యమే. మిగతాదంతా దాన్ని నిలబెట్టడానికి రాస్తున్నాను. గోదావరిఖని బొగ్గు గనిలో ఆయనతో పనిచేసి రిటైరైనవాళ్లలోనూ మా చుట్టాల్లోనూ నలభై ఏళ్లకు పైగా ఇంకో కథ నడుస్తోంది. అది తప్పని తెలిసినవాళ్లం ఇద్దరమే, ఆయనా నేనూ. ఆయన చెప్పడు. నేను చెప్పలేదు. మా ఇద్దరికీ వయసు మీద పడింది, ఇప్పుడైనా కాగితం మీద పెట్టకపోతే తప్పుడు కథే మిగిలిపోతుంది.

ఈ మధ్య సెంటినరీ కాలనీలో మా అక్క కూతురు రజిత ఇంట్లో విందు జరిగింది. రజిత బిడ్డ పుట్టినరోజు. బావ ఎడమచేతికి రెండు వేళ్లు లేవు, చిటికెన వేలూ దాని పక్కదీ. ఆ చేత్తో పళ్లెం పట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన పాత జోడీదారు ఓదెలు. నలుగురు నవ్వాలని ఓదెలు గొంతు పెంచాడు.

"ఓ మల్లేశన్నా, గా దినం ఒక్క పెగ్గు తక్కువ ఏసుకుంటే ఇయ్యాల పది వేళ్లు ఉంటుండె గదనే!"

"నీ లెక్క సీస మొత్తం ఏసుకుంటే చెయ్యే పోతుండె, నయం," అన్నాడు బావ.

అందరూ నవ్వారు. రజిత కూడా నవ్వి, "మా నాయిన తాగుడు బంద్ చేసింది గా దెబ్బకే," అంది. ఆయన అంతకుముందు తాగడం ఆమె ఎన్నడూ చూడలేదు, చూసే వయసు కాదు. విన్నదే చెప్పింది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

నేను గోదావరిఖనికి వచ్చింది రజితను ఎత్తుకోవడానికే. మాది కమాన్‌పూర్ దగ్గర పల్లె. పదోతరగతి పాసయ్యాక ఇంట్లో కూర్చున్నాను. అక్క సమ్మక్కకు కాన్పయి నాలుగు నెలలు నిండాయి, ఆమె బాలవాడిలో ఆయాగా పనికి పోవాలి. "పిల్లను చూస్తది, ఓ ఏడాది ఉంచుకో," అని మా నాయిన నన్ను కంపెనీ క్వార్టర్లో దింపి పోయాడు. ఏడాది కాస్తా ఎనిమిదేళ్లయింది. క్వార్టర్ అంటే ముందు ఒక గది, వెనక వంటగది. వంటగదిలో బొగ్గు పొయ్యి. పొద్దున క్వార్టర్ల లైన్ మొత్తం ఒకేసారి పొయ్యిలు ముట్టించేవారు, అందుకని పొగంతా కలిసి వాకిళ్ల మీద దుప్పటిలా పరుచుకునేది. ఆరేసిన బట్టలకు, చంటిపిల్ల జుట్టుకు, చివరికి పాలగిన్నెకు కూడా అదే వాసన. ఇప్పుడు ఆ వాసన ఎక్కడా దొరకడం లేదు. నాకు గుర్తొచ్చినప్పుడల్లా దాని వెంటే ట్యూబ్‌లైటుకు వేడెక్కిన రేకు వాసన కూడా వస్తుంది.

షిఫ్టును బట్టి ఇల్లు మారేది. మొదటి షిఫ్టు వారం ఇంట్లో మధ్యాహ్నం సందడి, రెండో షిఫ్టు వారం పొద్దున సందడి. నైట్ షిఫ్టు వారం మాత్రం ఇల్లు నోరు మూసుకునేది. రాత్రంతా భూమి లోపల పనిచేసి వచ్చిన మనిషి పగలు పడుకోవాలి. మా లైన్లో ఎవరింట్లో నైట్ షిఫ్టు నడుస్తున్నా ఇరుగుపొరుగు ఆడవాళ్లు కారం దంచడానికి లైన్ ఆ చివరికి పోయేవారు. పిల్లలు గోలీలు ఆడితే ఎవరో ఒకరు చెవి మెలిపెట్టేవారు. ఎవరూ ఎవరికీ చెప్పుకోకుండానే జరిగిపోయే మర్యాద అది. అక్క బాలవాడికి పోయే ముందు ముందుగది కిటికీకి నల్ల గొంగడి కట్టి, కింద అంచును మేకుకు తగిలించి, తలుపు సందుకు పాత చీర కుక్కి పోయేది. "గుహ లెక్క చేసిన, ఆయన వస్తే సల్లగ పండుకుంటడు. పిల్ల ఏడిస్తే బయటికి ఎత్తుకపో," అని నాకు రోజూ చెప్పేది. ఆమె పోయిన అరగంటకు బావ వచ్చేవాడు.

నాకు అక్కడ దొరికిన పెద్ద భాగ్యం కాలనీ గ్రంథాలయం. రజితను చంకనేసుకుని సాయంత్రాలు పోయేదాన్ని. అక్కడి రాజేశం సారు నేను పిల్లతో నిలబడి చదవడం చూసి, తన కుర్చీ పక్కన చాప వేయించాడు. కథలు అయిపోయాయి, చరిత్ర అయిపోయింది, తేనెటీగల పెంపకం కూడా చదివేశాను. పదోతరగతి ఇంగ్లీషుతో, నిఘంటువు ఒళ్లో పెట్టుకుని బొమ్మల పుస్తకాలు మొదలుపెట్టాను. అట్లా చేతికొచ్చింది మంచినీటి చేపల తొట్లమీద ఒక లావుపాటి పుస్తకం. నీళ్లలో నిజమైన మొక్కలు, వాటి మధ్య చేపలు, పైనుంచి పడే వెలుగు. మా క్వార్టర్‌కు కిటికీలోంచి కనిపించేది బొగ్గు పొడి పట్టిన చెట్టు ఒకటే. అలాంటి పచ్చదనాన్ని ఇంట్లో పెట్టుకోవచ్చని తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. ఈ మాట ఎంత సులువుగా రాశానో చూడండి. నిద్ర పట్టకపోవడమంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు.

చౌరస్తా దగ్గర ఫోటోలకు అద్దాలు కట్టే యాకూబ్ భాయి రెండడుగుల గాజు తొట్టి అతికించి ఇచ్చాడు. గోదావరి రేవులో రిబ్బన్లలా ఊగే మొక్కలు దొరికాయి. వాటి పేరు వాలిస్నేరియా అని లైన్లో అందరికీ చెప్పాను, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ. లైటు కోసం మొదట అరవై వాట్ల బల్బు వేలాడదీశాను. రెండు గంటల్లో నీళ్లు గోరువెచ్చనై, గప్పీ చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి. యాకూబ్ భాయి వచ్చి చూసి తల కొట్టుకున్నాడు.

"క్యా బేటీ, చేపలు పెంచుతవా, చాయ్ పెడుతవా? బల్బు తియ్. ట్యూబ్ పెట్టు. వెలుగు ఎక్కువ, వేడి తక్కువ."

రెండడుగుల ట్యూబ్‌లైటుకు రేకుతో గొడుగులాంటి మూత కూడా ఆయనే చేసి ఇచ్చాడు. క్వార్టర్లో ప్లగ్గు ఒక్క ముందుగదిలోనే ఉంది. కాబట్టి తొట్టి ముందుగదిలో, ఇనుప పెట్టెమీద, బావ మంచానికి ఎదురుగా చేరింది.

పుస్తకంలో మొక్కలకు రోజుకు పది పన్నెండు గంటల వెలుగు కావాలని ఉంది. నాకు కావలసిన అంకె దొరికింది. పేజీ తిప్పలేదు. వెలుగంటే పగలు, పగలంటే ఉదయం నుంచి సాయంత్రం అని నా లెక్క. ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు ఆపకూడదని పెన్సిల్‌తో గోడమీద రాశాను. అంటే అక్క గదిని చీకటి చేసి పోయిన కాసేపటికి నేను వచ్చి దాన్ని వెలిగించేదాన్ని. మామూలు వారాల్లో ఎవరికీ ఇబ్బంది లేదు. నైట్ షిఫ్టు వారంలోనూ అదే పద్ధతి.

మొదటిసారి బావ లోపలికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. మొహాన బొగ్గు కడుక్కున్నాక కూడా కనురెప్పల అంచుల్లో కాటుకలా మిగిలేది. ఆ కళ్లు చికిలించి తొట్టిని చూశాడు.

"ఏం పిల్లా, బయట ఎండ సాలదని ఇంట్ల గూడ సూర్యున్ని కట్టేసినవా?"

"మొక్కలకు బావా. పన్నెండు గంటలు ఉండాలె. బుక్కుల ఉన్నది."

"బుక్కుల ఉంటే సరే గని, ఆ బుక్కు రాసినోడు నైట్ షిఫ్టు చేసిండా?"

నవ్వి, తువ్వాల మొహంమీద వేసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాడు. గోడ మీద కూడా వెలుగే. మంచం కిర్రుమనడం వంటగదిలోంచి నాకు వినిపించేది. ఒకరోజు లేచి స్విచ్ ఆపేశాడు. నేను అది చూసి ఏడ్చాను. మొక్కలు చచ్చిపోతాయన్నాను. నువ్వు చదువుకోలేదు, నీకు తెలియదన్నాను. ఆ మాట అన్నాను, దాచను. ఆయన తానే లేచి స్విచ్ వేసి, మళ్లీ తువ్వాల కప్పుకున్నాడు. మూడు గంటలకు అక్క వచ్చేసరికి బయట అరుగుమీద కూర్చుని ఉండేవాడు. "మంచిగ పండుకున్నవా?" అని అక్క అడిగితే, "ఆ, మస్తు పండుకున్న," అనేవాడు. నేను పక్కనే ఉండేదాన్ని. ఆయన లేచాకే లైటు వేశానని అక్క అనుకునేది.

కొన్ని వారాలకు ఆకుల మీద గోధుమరంగు పొర పట్టింది. తర్వాత పచ్చని వెంట్రుకల్లాంటిది అల్లుకుంది. గాజు మసకబారింది. మొక్కలు నీరసపడుతున్నాయి, వెలుగు చాలడం లేదు అని తీర్మానించాను. గ్రంథాలయంలో ఆ పుస్తకం అక్కడే ఉంది. ఒక్కసారి పోయి చూసి ఉంటే సరిపోయేది. కానీ లైన్లో అందరూ నన్ను అడిగి తెలుసుకునే స్థితికి వచ్చాక, మళ్లీ పోయి అడగడం నాకు చిన్నతనమనిపించింది. యాకూబ్ భాయిని బతిమాలి రేకు మూతలో రెండో ట్యూబ్ పెట్టించాను. అది వెలిగించిన వారం బావకు నైట్ షిఫ్టు.

గది తెల్లగా అయిపోయింది. తువ్వాలలోంచి కూడా దూరే వెలుగు. మొదటిరోజు ఆయన వంటగదిలో చాప వేసుకున్నాడు, పొయ్యి వేడికి, పిల్ల ఏడుపుకు అక్కడా పడుకోలేదు. నాలుగో రోజుకు కళ్లు ఎర్రగా, ఉబ్బి ఉన్నాయి. అన్నం తింటూ తింటూ తూలాడు. "ఏంది బావా?" అంటే, "ఏం లేదు పిల్లా, దుమ్ము వడ్డది," అన్నాడు. ఆ వారం ఐదో షిఫ్టు చివర్లో, పైకి రావడానికి గంట ముందు, పట్టాల మీద బొగ్గు మోసే ఇనుప టబ్బులను ఒకదానికొకటి తగిలిస్తుండగా ఆయన చెయ్యి రెండింటి మధ్య పడింది. టబ్బులను కదిలించే తాడు లాగమని సైగ ఇచ్చింది ఆయనే. చెయ్యి తీయకముందే ఇచ్చాడు.

దవాఖానకు అక్కతో పాటు నేనూ పోయాను. నా చేతిలో టిఫిన్ డబ్బా. ఓదెలు అక్కడే ఉన్నాడు, భయంతో గట్టిగా మాట్లాడుతున్నాడు.

"నేను చూస్తనే ఉన్న వదినా. కండ్లు నిప్పుల లెక్క ఉన్నయ్. నిలవడితే తూలుతుండు. ఏసుకొచ్చినవా అన్న అని అడిగిన, నవ్విండు గాని చెప్పలే."

అక్క మంచం దగ్గరికి పోయింది. కట్టు కట్టిన చేతివైపు చూడలేదు. మొహంవైపే చూసింది.

"తాగినవా?"

బావ నన్ను చూశాడు. మంచం కాళ్ల దగ్గర డబ్బా పట్టుకుని నిలబడిన నన్ను కాసేపు చూసి, అక్కవైపు తిరిగాడు.

"కొంచెం," అన్నాడు.

నా నోట్లో మాట ఉంది. "లేదక్కా, నిద్ర లేదు, నా లైటు వల్ల" అనాలి, అంతే. అనలేదు. డబ్బా మూత సరిచేసి బల్లమీద పెట్టాను. అక్క అక్కడే రజితను తెప్పించి, ఆ పిల్ల తలమీద ఆయన కుడిచెయ్యి పెట్టించి ఇంకెప్పుడూ తాగనని ఒట్టు వేయించుకుంది. ఆయన వేశాడు. తాగని మనిషి తాగనని ఒట్టు వేస్తుంటే నేను చూస్తూ నిలబడ్డాను.

ఇంటికి వచ్చి రెండు ట్యూబులూ ఆర్పేశాను. మర్నాడు తొట్టిని, చేపలను యాకూబ్ భాయికి ఇచ్చేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు, ఇంట్లో అంత కష్టంలో చేపలెవరికి కావాలి? నయమయ్యాక బావను లోపలి పనికి పనికిరాడని తేల్చి పైన లాంప్ రూములో వేశారు, దిగేవాళ్లకు తలదీపాలు ఇచ్చి, పైకొచ్చినవాళ్ల దగ్గర తీసుకునే పని. తాగుబోతు మల్లేశం అనే పేరుతోనే ఆ గది కిటికీ దగ్గర రిటైరయ్యేదాకా నిలబడ్డాడు. నేను మాత్రం ఆ ఇంట్లోనే ఉండి, గ్రంథాలయం చాపమీద కూర్చుని ప్రైవేటుగా ఇంటర్, తర్వాత డిగ్రీ చదివాను. రాజేశం సారు నా చేత గ్రంథాలయ శిక్షణ పరీక్ష రాయించాడు. గోలేటిలో పుస్తకాలు ఇచ్చే ఉద్యోగం వచ్చింది. నా చదువును పొగిడినవాళ్ల ముందు తలవంచుకుని నిలబడితే అది వినయమనుకున్నారు.

అదే లావుపాటి పుస్తకం కొన్నేళ్ల తర్వాత నా చేతికే, నేను పనిచేసే చోటికే వచ్చింది. ఈసారి పేజీ తిప్పాను. మొక్కలకు గడియారం తెలియదని ఉంది. వెలుగు ఏ గంటల్లో ఇచ్చినా ఒకటే, రోజూ అవే గంటలు కావాలి, మిగతా సమయం చీకటి కావాలి. ఇంటివాళ్లకు అనువైన వేళ పెట్టుకోండి అని కూడా ఉంది. ఆకులమీద పచ్చ వెంట్రుకలు పట్టాయంటే వెలుగు ఎక్కువైందని అర్థమని, గంటలు తగ్గించమని ఆ పక్క పేజీలోనే బొమ్మతో సహా ఉంది. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి పది దాకా వెలిగిస్తే బావకు ఏ షిఫ్టు వారమైనా సరిపోయేది. ఆయనకూ చీకటి దక్కేది, మొక్కలకూ దక్కేది. నేను పుస్తకం మూసి, రిజిస్టర్‌లో నంబరు వేసి, అరలో పెట్టాను.

విందు జరిగిన రెండు వారాలకు బావ దగ్గరి నుంచి ఫోను.

"పిల్లా, రజిత ఓ చేపల డబ్బా తెచ్చి పెట్టింది. మొక్కలు గూడ ఏసింది. లైటు ఎసొంటిది కొనాలె? దుకాణంల ఎర్రవి, నీలివి, రంగులు మారేటియి చూపిస్తుండ్రు. నువ్వు చదివినదానివి, నువ్వు చెప్పాలె."

అరవై దాటిన నన్ను ఇప్పటికీ పిల్లా అనేది ఆయనొక్కడే. గోలేటి నుంచి బస్సెక్కి పోయాను. దుకాణానికి ఇద్దరం కలిసి పోయాం. అందరూ అడిగే రంగురంగుల పెద్ద లైటు వద్దన్నాను. రెండడుగుల తొట్టికి, నీడలో కూడా బతికే మొక్కలకు, పగటి తెలుపు వెలుగిచ్చే మామూలు ఎల్ఈడీ చాలు. ఎక్కువ శక్తిది కొంటే మొక్కకన్నా పాచి ముందు పెరుగుతుంది. నీటికి జానెడు ఎత్తులో పెట్టాలి, మొదట్లో ఆరు గంటలు, మొక్క కుదురుకున్నాక ఎనిమిది. అన్నిటికన్నా ముఖ్యంగా ఒక టైమర్ కొనాలి, దానంతటదే వెలిగి ఆరిపోయేది. ఇవన్నీ నేను పాఠంలా చెబుతుంటే దుకాణం అతను మెచ్చుకున్నాడు. నేను డబ్బులిచ్చి బయటికి నడిచాను.

ఇంటికొచ్చి టైమర్ ప్లగ్గుకు తగిలించాను. అక్క బయట బియ్యం చెరుగుతోంది. "ఎన్ని గంటలకు పెట్టాలె బావా?" అని అడిగాను.

"నన్నడుగుతవేంది? మొక్కలకు పగలే గద ఉండాలె?"

"ఎప్పుడైనా ఒక్కటే బావా. నీకు ఎప్పుడు మంచిగుంటే గప్పుడు."

ఆయన టైమర్ చక్రం పళ్లను వేలితో తిప్పుతూ ఆగాడు. "రాత్రి పూట పెట్టినా నడుస్తదా?"

"నడుస్తది."

"గప్పుడు గూడ నడుస్తుండెనా?"

"నడుస్తుండె బావా."

"మరి గా బుక్కుల రాయలేదా?"

"రాసింది. నేనే చదవలే."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"పోనియ్యి," అన్నాడు. "గిదంతా ఇంక ఎందుకు?"

"ఆ దినం అక్కకు ఎందుకు చెప్పలే? కొంచెం అని ఎందుకన్నవు?"

"చెప్తే మీ అక్క ఊకుంటదా? తెల్లారి నిన్ను కమాన్‌పూర్ బస్సు ఎక్కిస్తుండె. మీ నాయిన నెల తిరగకముందే పెండ్లి చేస్తుండె. నువ్వు గా లైబ్రరీల కూసుంటే నీ మొకం ఎట్ల ఉండేదో నాకు తెల్వదా? వేళ్లు ఎట్లనైనా పోయినయ్. నీది గూడ ఎందుకు పోవాలె?"

ఇదంతా రాస్తానని చెప్పాను. వద్దన్నాడు. "అందరికి అలవాటైపోయింది పిల్లా, ఇప్పుడు తాగలేదంటే ఎవడు నమ్ముతడు?" అన్నాడు. నమ్మకపోయినా రాస్తానన్నాను. ఆయన అభ్యంతరం ఇంకా అలాగే ఉంది. దాన్ని కూడా ఇక్కడ నమోదు చేస్తున్నాను.

ఇది రాయడానికి తోడ్పడినవాళ్లున్నారు. రాజేశం సారు ఇప్పుడు లేడు. చాప వేయించినందుకు ఆయనకు నమస్కారం, సగం చదివి వదిలేసింది ఆయన తప్పు కాదు. యాకూబ్ భాయి తొట్టి వాపసు తీసుకున్న రోజు రెండో ట్యూబ్ చూసి, నన్ను చూసి, నా తలమీద చెయ్యి పెట్టాడు, ఆయనకూ నమస్కారం. ఓదెలన్నకు ఈ కాగితాలు చదివి వినిపించాక ఆయన రెండు రోజులు అన్నం తినలేదని వాళ్లింట్లోవాళ్లు చెప్పారు. మూడో రోజు బావ దగ్గరికి పోయి, పొలంలో కాసిన సొరకాయ ఇచ్చి వచ్చాడట, ఆయనకు. చేతిరాతను టైపు చేస్తూ మధ్యలో లేచిపోయి, మళ్లీ వచ్చి పూర్తిచేసిన రజితకు.

చివరగా సమ్మక్కకు. ఆమెకు చదువు రాదు, అందుకని ఎదురుగా కూర్చుని నేనే చదివి వినిపించాను. అయిపోయాక లేచి మంచినీళ్లు తాగి వచ్చి కూర్చుంది. "ఇందుల ఒక్కటి లేదు. అది గూడ రాయి," అంది. "గా దెబ్బ తాకినకాడికెల్లి రిటైరయ్యేదాక, డ్యూటీ నుంచి ఎప్పుడొచ్చినా గుమ్మంల నిలవెట్టి ఊదు అనేదాన్ని. వాసన చూసినంకనే లోపటికి రానిచ్చేదాన్ని. ఒక్కనాడు గూడ కోపం చెయ్యలే. ఊదుమంటే ఊదేటోడు."